వేలు చూపిన బోర్డు

అచ్చంపేట బస్టాండు పక్కన నాకో రంగుల దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, ఒక బెంచీ, పది పన్నెండు డబ్బాలు, ఎప్పటికీ పోని టర్పెంటైన్ వాసన. కిరాణా కొట్ల పేర్లు, దవాఖాన బోర్డులు, లారీల వెనక గులాబీ పూలు, పెండ్లి పందిళ్లకు స్వాగతం అట్టలు, ఎవరేది రాయమంటే అది రాసేవాణ్ణి. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. పొట్ట పోసుకునేది మాత్రం తెలుగు అక్షరాలతో. నా చేతి 'ళ' అంత గుండ్రంగా ఈ తాలూకాలో ఎవడు రాస్తాడో రమ్మనండి చూద్దామని బజార్లో నిలబడి అనేవాణ్ణి. అంత పొగరుండేది నాకు. ఆ పొగరుతోనే ఒక ముసలాయన నోట్లో మన్ను కొట్టాను. ముప్పై ఏళ్లు దాటినా ఆ సంగతి మింగుడు పడలేదు. అందుకే ఇవాళ కాగితం మీద పెడుతున్నాను.

ఎనభైలు అయిపోవస్తున్న కాలం. మా నల్లమల అంచున అడవి ఆఫీసుకు బాగా చదువుకున్న ఆఫీసరు ఒకాయన కొత్తగా వచ్చాడు. మంచివాడే. ఈ అడవిలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో జనానికి తెలియాలి, తెలిస్తేనే కాపాడుకుంటారని ఆయన నమ్మకం. ఘాట్ రోడ్డు పొడుగునా రేకు బోర్డులు పాతాలి, ఒక్కో బోర్డు మీద ఒక్కో ప్రాణి బొమ్మ, కింద రెండు వాక్యాలు రాయాలి. ఆ పని నాకిచ్చాడు. నా సంతోషం ఏం చెప్పను! అప్పటిదాకా నేను గీసిన జంతువులు రెండే రెండు. పాల డబ్బాల మీది ఆవు, టైర్ల దుకాణం మీది చిరుత. మా అమ్మకు మాత్రం ఇష్టం లేదు. ప్రాణమున్నవాటి బొమ్మలు గీయడం మనకు తగదని నాలుగు రోజులు సణిగింది. పిల్లల బడి ఫీజు నువ్వు కడతావా అని కసిరాను. ఊరుకుంది పాపం.

ఆఫీసరు ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు, అందులో రంగు ఫొటోలున్నాయి. వాటిని చూసి గీయడమే నా పని. ఏ ప్రాణి ఏ దిక్కున తిరుగుతుందో చూపించడానికి నా వెంట ఒక ముసలాయన్ని పంపాడు. చెంచు గూడెం మనిషి. అడవి ఆఫీసులో రోజుకూలీ మీద వాచరుగా ఉన్నాడు. మోకాళ్ల దాకా పంచె, పైన రెండు గుండీలు ఊడిపోయిన ఖాకీ చొక్కా. బక్కపలచటి మనిషి. నడుస్తుంటే ఎండుటాకు మీద కూడా సప్పుడు రాదు. నేనేమో తుమ్మెదల గుంపులా మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. మొదటి రెండు రోజులు ఆయన నాతో పది మాటలు మాట్లాడాడేమో.

మూడో రోజు నా ఎలుగుబంటి బొమ్మ చూశాడు. చూసి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇదేంది సాయిబూ?" అన్నాడు.

"గుడ్డెలుగు, తాతా. కనిపిస్తలేదా?" అన్నాను రోషంగా.

"కనిపిస్తాంది. కని గిది ఎవలింట్లనో మేపిన గుడ్డెలుగు లెక్కున్నది. గింత బొర్ర యాడిది దానికి? ఇప్పపువ్వు రాలే దాంక బొక్కలు తేలి తిరుగుతది. మూతి గూడ గట్ల పొట్టిగుండది. కింది పెదవి ముంగటికి సాపుతది, పుట్టల చెదలు గుంజనీకె."

ఇంత మాట్లాడగలడని నాకప్పుడే తెలిసింది. పొగరు దిగమింగి, రేకును రాతికి ఆనించి, బొర్ర తగ్గించి, మూతి సాపాను. ఆయన పక్కనే గొంతుక్కూచుని చూశాడు. చివరికి తలూపాడు. ఆ తలూపు కోసం నేను మర్నాడు పొద్దున్నే లేచి పోయాను.

అట్లా మొదలైంది మా దోస్తీ. నేను గీయడం, ఆయన తప్పులు పట్టడం. కొండగొర్రెను గీస్తే, ఆడదానికి కొమ్ములెందుకు పెట్టావని అడిగాడు. మగదానికే ఉంటాయట, అవీ నాలుగు. ముందరి జత బొటనవేలంత, వెనకది జర పొడుగు. బెట్టుడతను నేల మీద కూచోబెట్టి గీస్తే జాలిపడ్డాడు. "పాపం, దీన్ని ఎందుకు దించినవ్? గది చెట్టు మీద పుట్టి చెట్టు మీదనే సస్తది. గీ కొమ్మ నుంచి గా కొమ్మకు దుంకుడే తప్ప మట్టి మీద కాలు పెడ్తదా?" అన్నాడు. మళ్లీ గీశాను. అలుగు పొలుసులు ఏ వైపుకి తిరగాలో, పెద్ద దుప్పి కణితి చెవులు ఎంత ఉండాలో, రేసుకుక్క అనే అడవికుక్క తోక కొస ఎందుకు నల్లగా ఉండాలో, అన్నీ ఆయన దగ్గరే తెలుసుకున్నాను. రాతి సందుల్లో పసుప్పచ్చటి బల్లి ఉంటుంది, మన కొండల వరసలో తప్ప లోకంలో ఎక్కడా ఉండదట, ఆ సంగతి ఆఫీసరు చెప్పాడు. ముసలాయనకు చెబితే, "గట్లనా? మరి మేం గూడ గీడనే ఉంటం గద" అన్నాడు. ఎగతాళికన్నాడో నిజంగానే అన్నాడో నాకు అర్థం కాలేదు.

అచ్చంపేటలో పుట్టి పెరిగినవాణ్ణి, నలభై ఏళ్లు రాబోతున్నాయి, ఇంత అడవి ఇంటి వెనక పెట్టుకుని నాకేమీ తెలియదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఆశ కూడా పుట్టింది. ఇంటికెళ్లి భోంచేస్తూ కూడా కణితులు, దుప్పులు అంటుంటే మా ఆవిడ విసుక్కునేది.

ఇక అసలు సంగతి. ఆఫీసరిచ్చిన వరసలో దేవాంగపిల్లి ఉంది. పేరు విన్నాను గానీ ఎప్పుడూ చూడలేదు. పుస్తకంలో ఫొటో రాత్రి తీసింది, వెలుగు పడి కళ్లు ఎర్రగా మండుతున్నాయి, వెనక భాగం కొమ్మల్లో కనిపించడం లేదు. పేరులో పిల్లి ఉంది కదా అని ఇంత పొడుగు తోక పెట్టాను. ఎర్ర కళ్లు, గోళ్లు, చెవుల మీద వెంట్రుకలు. అబ్బ, ఎంత బాగా వచ్చిందనుకున్నాను.

ముసలాయన దాన్ని చూసి నవ్వలేదు. మొహం ముడుచుకుంది.

"గిది దయ్యం లెక్కున్నది సాయిబూ. జనం దీన్ని సూసి భయపడ్తరు. భయపడ్డోళ్లు రాళ్లు కొడ్తరు."

"మరెట్లుంటది తాతా? చెప్పు, మారుస్త."

చేతులతో ఏదో ఆకారం చేయబోయి మానేశాడు. చాలాసేపు ఆ రేకు వైపే చూస్తూ కూచున్నాడు. తర్వాత లేచి, "రా" అన్నాడు.

నా చెప్పులు విప్పించాడు. బీడీ ఆర్పించాడు. రోడ్డు దిగి తిన్నగా పోలేదు, చుట్టూ తిప్పి, ఒక వాగు దాటించి, వెదురు గుబురుల పక్కనుంచి ముళ్లపొదలు దట్టంగా అల్లుకున్న చోటుకి తీసుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం. నా చెమట సప్పుడు కూడా నాకు వినిపిస్తోంది. ఆయన ఆగి, గదవ కొద్దిగా పైకెత్తాడు. అంతే. చెయ్యి కదలలేదు. నేను వెతికాను, వెతికాను, ఏమీ కనబడలేదు. మళ్లీ గదవ ఎత్తాడు. అప్పుడు కనబడింది. ముళ్ల కొమ్మల మధ్య బూడిదరంగు ఉండ ఒకటి. తల కాళ్ల సందున దూర్చుకుని నిద్రపోతోంది. నా పిడికిలి కంటే కొంచెం పెద్దదేమో. కాళ్లు చేతులు ఎండు పుల్లల్లా ఉన్నాయి. తోక లేనే లేదు. దానికి కొంచెం పైన ఇంకోటి. ఇంకా అవతల తల్లీపిల్లా. మా అలికిడికి ఒకటి తలెత్తి చూసింది. ఆ కళ్లు! అంత పెద్ద గుండ్రటి కళ్లు, గోధుమరంగువి. మమ్మల్ని చూసి పారిపోలేదు. అట్లాగే చూస్తూ ఉండిపోయింది. నాకెందుకో ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు వేరే దారిన తీసుకొచ్చాడు. రోడ్డెక్కాక అడిగాను, వేలు పెట్టి చూపిస్తే ఇంత తిప్పలు ఉండేది కాదు కదా తాతా అని.

"వేలు సూపెడ్తే దానికి తగుల్తది," అన్నాడు. "పండుకున్న జీవానికి వేలు సూపెట్టొద్దు. మా నాయిన సూపెట్టలే, నేను సూపెట్ట. కండ్లున్నోనికి గదవెత్తితే సాలు. మా ఇంటోళ్లకు తప్ప పరాయోళ్లకు గా పొద సూపెట్టుడు ఇదే మొదలు. నువ్వు తప్పు గీసినవని సూపెట్టిన."

నా పొగరుకు ఇంకేం కావాలి? పరాయివాళ్లలో మొదటివాణ్ణి నేనే! ఆ మాటకు నాలో గౌరవం పుట్టాలి, భయం పుట్టాలి. నాకు పుట్టింది గొప్ప. బొమ్మ మళ్లీ గీశాను, మూడు రోజులు కూచుని. నా జన్మలో అంత మంచి బొమ్మ గీయలేదు. ముసలాయన చూసి చెయ్యి కడుక్కుని వచ్చి, ఆరిన రంగు మీద ఒక్క వేలితో మెల్లగా తాకాడు.

ఆ తర్వాత ఆయనకు జ్వరం వచ్చి వారం రోజులు గూడెంలోనే పడుకున్నాడు. ఆ వారంలోనే ఈ బోర్డు పాతాల్సి వచ్చింది. ఎక్కడ పాతాలని ఆఫీసరు అడిగాడు. "నాకు తెలుసు సార్, నేను కళ్లారా చూశాను" అన్నాను. చూడండి, అడగ్గానే నోరు జారడమంటే ఇదే. రోడ్డు నుంచి ఆ వాగు వైపు చీలే కాలిబాట దగ్గర గుంట తవ్వించాను. ఆఫీసరు రాసిచ్చిన వాక్యాలు రెండు: దేవాంగపిల్లి మన దక్షిణ దేశంలోనూ సింహళంలోనూ తప్ప ఎక్కడా కనబడదు, దీనిని కాపాడుకోవడం మన బాధ్యత. అంతే. రాశాను. బొమ్మ ఎడమవైపు, అక్షరాలు మధ్యన. కుడివైపు జానెడు ఖాళీ మిగిలింది.

మా నాన్న, అబ్బా అనేవాళ్లం, ఆయనా పెయింటరే. ఖాళీ జాగా వదిలితే బోర్డు ఏడుస్తుంది అనేవాడు. ఆ ఖాళీలో వేయడానికి మా ఇంటి వాటంగా ఒక బొమ్మ ఉండేది: కోటు చేతి మడత, తెల్లటి కఫ్, దానికొక గుండీ, అందులోంచి వచ్చి చూపుడువేలు చాపిన చెయ్యి. 'హోటలు ఇటు', 'దంత వైద్యుడు ఇటు' అని చూపే చెయ్యి. అచ్చంపేట బజార్లో అప్పట్లో అలాంటి చేతులు అరడజనుకు పైగా ఉండేవి, అన్నీ నావే. కళ్లు మూసుకుని కూడా గీయగలను. ఆ రోజు కళ్లు తెరుచుకునే గీశాను. కాలిబాట వైపు, వాగు వైపు, పొద వైపు. గోరు మీద తెల్లటి మెరుపు కూడా పెట్టాను. ముసలాయన మాట ఒక్కసారి, ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చి గీస్తే నేను దుర్మార్గుణ్ణి. గుర్తు రాకుండా గీశాను, కనుక నేనేమిటో మీరే అనుకోండి. బుద్ధి గడ్డి తిన్నది, అంతే.

ఆఫీసరు జీపు దిగి చూసి, "చెయ్యి బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నాడు. నేను పొంగిపోయాను.

జ్వరం తగ్గి వచ్చిన ముసలాయన బోర్డు ముందు నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు. అక్షరాలు దాటుకుని ఆయన చూపు కుడివైపుకి పోయింది.

"గా చెయ్యి ఎవలిది?" అన్నాడు.

"ఎవరిదీ కాదు తాతా. బోర్డు చెయ్యి. అన్ని బోర్డులకుంటది."

ఆయన ఆ చెయ్యి ఎటు చూపిస్తోందో అటు తిరిగి చూశాడు, మళ్లీ చెయ్యి వైపు చూశాడు. తుడిచేస్తానని అనాల్సింది. డబ్బాలో తెల్లరంగు ఉంది, కుంచె చేతిలోనే ఉంది, అరగంట పని కూడా కాదు. కానీ ఆఫీసరు మెచ్చుకున్న పని చెరపడమెందుకని సందేహించాను. అంత మంచి చెయ్యి చెరపబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే అదే కారణం.

రెండు నెలలు గడిచాయో లేదో. చెక్‌పోస్టు గది తలుపుకు రంగు వేస్తున్నాను ఒకరోజు పొద్దున. ముసలాయన రోడ్డు మీద నడిచి వస్తున్నాడు. చేతుల్లో మోదుగాకు దొప్ప. దాన్ని తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. అందులో పిల్ల ఉంది, దేవాంగపిల్లి పిల్ల. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటి మీద చీమలు. పొదను పొద్దున్నే చూసి వచ్చాడట. కత్తులతో ముళ్ల కొమ్మలన్నీ నరికి కింద పడేశారు. నిద్రపోయే ప్రాణులు, పారిపోవు, కాయలు తెంపినట్టు తెంపుకుపోయి ఉంటారు. పిల్ల కొమ్మతో పాటు కిందపడి ఉండిపోయింది. దాని కళ్లతో ఏవో మందులు చేస్తారని, వశీకరణమో మరొకటో, ఎక్కడో కొనేవాళ్లుంటారని తర్వాత విన్నాను. ఆ మాటలు చెప్పుకునే నోళ్లు పడిపోను.

ముసలాయన ఏడవలేదు. "అన్ని పోయినయి సార్" అని ఒక్కమాట అని గోడకానుకుని నిలబడ్డాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఎవరు నరికారో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. వాళ్లకు దారి ఎవరు చెప్పారో మాత్రం ఆ క్షణాన్నే తెలిసింది. కఫ్, గుండీ, చూపుడువేలు.

నాలుగో రోజున పాలమూరు నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. చెక్‌పోస్టు ముందు కుర్చీలు వేశారు. ముసలాయన్ని ఎదురుగా నిలబెట్టారు. మా ఆఫీసరు పెద్దాయన పక్కన నిలబడ్డాడు. నన్ను ఎవరూ పిలవలేదు, నేను తలుపుకు రెండో చుట్టు రంగు వేస్తున్నాను. పది అడుగుల దూరం.

"ఆ చోటు ఎక్కడో ఎవరికి తెలుసు?" అని పెద్దాయన అడిగాడు.

"మా ఇంటోళ్లకు, సార్."

"బయటివాళ్లకు ఎవరు చూపించారు?"

నా కుంచె ఆగిపోయింది. ముసలాయన నా వైపు తిరగలేదు. మా ఆఫీసరు బూట్ల వైపు చూస్తున్నాడు. ఆయనకు బోర్డు గుర్తు రాలేదంటే నేను నమ్మను.

"నేనే సూపెట్టిన, సార్," అన్నాడు ముసలాయన.

"ఎవరికి?"

ఎన్నిసార్లు అడిగినా, గట్టిగా అరిచి అడిగినా, జవాబు లేదు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. పేరు చెప్పడం ఇష్టం లేదు. ఎవరో మనుషులకు డబ్బుకు చూపించాడని వాళ్లు అర్థం చేసుకున్నారు. అంతకంటే వేరే అర్థం వాళ్లకు ఎట్లా తెలుస్తుంది, చెప్పాల్సినవాడు చెప్పకపోతే?

నేను చెప్పలేదు. కేసంటారు, ఠాణా అంటారు, నా పేరు వినగానే ఇంకో రకంగా చూస్తారు, దుకాణం మూసేయిస్తారు, పిల్లలేమైపోతారు, ఇవన్నీ ఆ రెండు నిమిషాల్లో తలలో తిరిగాయి. ఇవన్నీ నిజమే కావచ్చు. అయినా నేను చేసింది పిరికితనమే. దానికి వేరే పేరు వెతుక్కోవడం నాకిష్టం లేదు.

ముసలాయన వాచరు పని ఊడింది. నాలుగు రోజులు చెక్‌పోస్టు వరండాలో కూచోబెట్టి పంపించారు. గూడెంవాళ్లెవరూ ఆ లోయలోకి తేనెకు పోకూడదన్నారు. తేనె తీసే కాలం అది. గూడెం మొత్తానికి అప్పుడు అదే తిండిగింజ. ఆ ఏడు వాళ్ల పిల్లల పొట్టలు ఎట్లా నిండాయో నేను ఊహించగలను, కానీ ఊహించాలని ఉండదు.

పెద్దాయన విచారించిన సాయంత్రమే మా ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. "ఆ బోర్డు తీసేయి. రేకు మీద తెల్లరంగు కొట్టు" అన్నాడు మెల్లగా. కళ్లలోకి చూడలేదు. సరే సార్ అన్నాను. బోర్డు పీకి, దుకాణానికి తెచ్చి, రెండు చుట్లు తెల్లరంగు కొట్టాను. మొదటి చుట్టు కింద ఆ కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో చుట్టుతో అవి కూడా పోయాయి. ఆ రేకు మీద తర్వాత సైకిల్ కిరాయి దుకాణం పేరు రాశాను.

ఎన్నో రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే గుడ్లురిమాను. నలుగురు అడిగినా ఆ చూపుడువేలు బొమ్మ మళ్లీ వేయలేదు. అడిగినవాళ్లకు అది పాత ఫ్యాషనని చెప్పేవాణ్ణి.

ఆరు నెలల తర్వాత ధైర్యం తెచ్చుకుని గూడేనికి పోయాను. బియ్యం మూట ఒకటి సైకిల్ మీద పెట్టుకున్నాను, ఉత్త చేతులతో పోవడానికి మొహం చెల్లక. ముసలాయన గుడిసె ముందు కూచుని వెదురు చీలుస్తున్నాడు. ఇంకా బక్కచిక్కాడు. ఆయన బిడ్డ నీళ్లిచ్చింది. నేను తాగలేదు.

"తాతా, తప్పు నాది. ఆ బోర్డు మీది చెయ్యి నేనే గీసిన. దాన్ని పట్టుకునే వాళ్లు వచ్చిండ్రు. ఆ రోజు నోరు తెరవలే. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి," అన్నాను. అంటూనే ఏడ్చాను. మగవాడు ఏడవకూడదని అంటారు, ఏడ్చాను.

ఆయన వెదురు చీల్చడం ఆపలేదు.

"ఎరుకే సాయిబూ. బోర్డు సూసిన్నాడే ఎరుక."

"మరి పెద్దాయన అడిగితే నా పేరెందుకు చెప్పలే?"

"నీకు సూపెట్టింది నేనే గద. మా నాయిన వద్దన్న పని చేసిన. తప్పు ఆడ మొదలైంది. నీ పేరు చెప్తే నాది పోతదా?"

తిడితే బాగుండేది. నాలుగు దెబ్బలు కొట్టినా తేలికపడేవాణ్ణి. ఆయన నన్ను తిట్టడానికి కూడా పనికొచ్చేవాడిగా చూడలేదనిపించింది. బియ్యం మూట తీసుకోమంటే బిడ్డ వైపు చూశాడు. ఆమె తీసుకుంది. నేను సైకిలెక్కి వచ్చేశాను.

ఆఫీసరు బదిలీ అయ్యాడు. మిగతా బోర్డులు ఎండకు పొక్కి, తుప్పు పట్టి, ఒక్కొక్కటే పడిపోయాయి. నా గుడ్డెలుగు ఎన్నాళ్లో నిలబడింది, తర్వాత ఎవరో దాని రేకును గుడిసెకు కప్పుకున్నారు.

తొంభైల్లో, ఏ ఏడో సరిగ్గా గుర్తు లేదు, పట్నం నుంచి చదువుకున్న పిల్లలు కొందరు వచ్చారు. ఏ అడవిలో ఏ ప్రాణులున్నాయో రాసుకుపోయే సర్వే అట. గుర్తు రాళ్ల మీద నంబర్లు రాయడానికి ఎవరైనా కావాలంటే నన్ను తీసుకున్నారు. వాళ్ల వెంట తిరిగాను పది రోజులు. మంచి పిల్లలు, తిండి కూడా పంచుకునేవాళ్లు. చివరికి ఆ గూడేనికి కూడా పోయారు, అక్కడ ఒక పెద్దాయనకు అడవి మొత్తం తెలుసని ఎవరో చెప్పారట. నేను రానని చెప్పలేకపోయాను.

ముసలాయన మంచం మీద కూచుని ఉన్నాడు. కళ్లు మసకబారాయి గానీ నన్ను గుర్తుపట్టాడు. "సాయిబూ" అన్నాడు, అంతే. పిల్లలు చాప మీద కూచున్నారు. వాళ్లలో ఒకమ్మాయి చేతిలో అచ్చు కాగితాలున్నాయి, ప్రాణుల పేర్లు వరసగా, ప్రతి పేరు పక్కన గడి. ఒక్కో ఫొటో చూపిస్తూ అడిగింది.

"తాతా, కొండగొర్రె ఈ లోయలో ఉందా?"

"లేదు బిడ్డా."

"అలుగు?"

"లేదు."

"బెట్టుడత?"

"ఎన్నడు సూడలే."

నేను నేల వైపు చూస్తూ కూచున్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నీ తెలిసిన మనిషి అన్నారు కదా అని వాళ్ల అయోమయం. ఆ అమ్మాయి ఓపికగా ఫొటోలు తిప్పింది. రేసుకుక్క, కణితి, పసుప్పచ్చ బల్లి. అన్నింటికీ ఒకటే జవాబు. లోయలో అన్నీ చచ్చిపోయాయని ఎవరైనా అనుకోవాలి. బల్లి గురించి అడిగినప్పుడు మాత్రం కాసేపు ఆగి, అది కూడా లేదన్నాడు.

చివరికి దేవాంగపిల్లి ఫొటో. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"గిది ఏ దేశందో, నాకు తెల్వది. గీడ లేదు."

తర్వాత నేను అనుకోని పని చేశాడు. నా వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు అడిగాడు.

"సాయిబూ, నువ్వు సూసినవా ఎన్నడన్న?"

ఆ అమ్మాయి కూడా నా వైపు తిరిగింది. కలం గడి మీద ఆగి ఉంది. ఉందని చెబితే కాపాడతారేమో. చదువుకున్న పిల్లలు, మంచి మనసున్నవాళ్లు. మా ఆఫీసరు కూడా అలాంటివాడే. ముసలాయన నా మొహం వైపే చూస్తున్నాడు, జవాబు ఏదైనా ఆయనకు ఆశ్చర్యం లేదన్నట్టు.

"లేదమ్మా," అన్నాను. "నేనూ ఎప్పుడూ చూడలేదు."

ఆమె గడిలో గీత కొట్టి కాగితం తిప్పింది. ముసలాయన మంచం పట్టె పట్టుకుని లేచి, ఇంక నా వైపు చూడకుండా గుడిసెలోకి పోయాడు. లేదని రాసిన ఆ కాగితం ఆ లోయకు మేలు చేసిందో కీడు చేసిందో నాకు తెలియదు. ఆ పొద మళ్లీ చిగిర్చిందో లేదో, వాటిలో ఒక్కటైనా తిరిగి వచ్చి అందులో పడుకుందో లేదో అసలే తెలియదు. ఆయన బతికున్నన్నాళ్లు అడిగే మొహం నాకు లేకపోయింది.